బిజినెస్ స్కూలు దరఖాస్తు: మీ పనికి సాక్షి ఎవరు?



సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల వీధుల్లో నడిస్తే మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాట వినిపిస్తుంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి నేతపని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపింది. మగ్గం మీద పనిచేసిన తాతకు ఇప్పుడు ఇంజనీరు మనవరాలో, అకౌంటెంటు మనవడో ఉండటం వింత కాదు.

ఈ యువతీయువకుల్లో కొందరికి పేరున్న బిజినెస్ స్కూలులో ఎం.బి.ఎ. చదవాలని ఉంటుంది. మార్కులు ఉంటాయి. నాలుగైదేళ్ల అనుభవమూ ఉంటుంది. దరఖాస్తు నింపుతూ నింపుతూ ఒకచోట చేయి ఆగిపోతుంది. “మీ గురించి తెలిసిన ఇద్దరి చేత సిఫారసు లేఖలు పంపించండి” అని అక్కడ ఉంటుంది. “మనకు పెద్దవాళ్లు ఎవరు తెలుసు?” అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఎవరో ఒక నాయకుడి పేరు చెబుతారు, మరొకరు కులసంఘం పెద్దల పేరు చెబుతారు. చివరికి “ఇది మనలాంటివాళ్లకు కాదులే” అని దరఖాస్తును పక్కన పెట్టేస్తారు.

ఆ దరఖాస్తును పక్కన పెట్టవలసిన అవసరం లేదని చెప్పడానికే ఈ పాఠం. సిఫారసు లేఖ అంటే ఏమిటి, దానిని ఎవరి చేత రాయించుకోవాలి, ఎలా అడగాలి, అడిగినవారు కాదంటే ఏం చేయాలి అన్న విషయాలను వరుసగా తెలుసుకుందాం.

1. సిఫారసు కాదు, సాక్ష్యం

మన వాడుకలో సిఫారసు అన్న మాటకు ఒక మచ్చ ఉంది. “రికమండేషన్ ఉంటేనే పని అవుతుంది” అంటే పలుకుబడి ఉన్నవాడు ఫోను చేస్తేనే అవుతుందని మనం అర్థం చేసుకుంటాం. బిజినెస్ స్కూలు కోరే లేఖకు ఈ అర్థం వర్తించదు. అది న్యాయస్థానంలో సాక్షి ఇచ్చే వాంగ్మూలం వంటిది. సాక్షి ఎంత గొప్పవాడన్నది అక్కడ ప్రధానం కాదు. అతను కళ్లారా ఏమి చూశాడన్నదే ప్రధానం.

ఎంపిక సంఘం ముందు మీ మార్కులు ఉంటాయి, పరీక్ష స్కోరు ఉంటుంది, మీ గురించి మీరే రాసుకున్న వ్యాసాలు ఉంటాయి. ఇవన్నీ ఒకటి మీ పరీక్షలు చెప్పినవి, లేదా మీరు స్వయంగా చెప్పుకున్నవి. రోజూ మీతో కలిసి పనిచేసిన మూడో మనిషి మాట ఈ లేఖలో మాత్రమే ఉంటుంది. కనుక మీ వ్యాసంలో ఉన్న మనిషీ, ఈ లేఖలో ఉన్న మనిషీ ఒక్కరేనా అని వారు పోల్చి చూస్తారు.

2. ఏ విద్యాసంస్థ ఏమి కోరుతుంది?

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. అన్ని సంస్థలూ ఈ లేఖలు అడగవు. సూరత్‌కు సుమారు 260 కిలోమీటర్ల దూరంలో ఉన్న అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. 1961లో ఏర్పడింది. దాని తొలి రోజుల్లో అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూలు సహకారం అందించింది. అక్కడి రెండేళ్ల కోర్సుకు దారి క్యాట్ పరీక్ష. క్యాట్ స్కోరు, చదువు రికార్డు, ఆ తరువాత రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఆ దారిలో సిఫారసు లేఖ ఊసు లేదు. అదే సంస్థ 2006లో అనుభవజ్ఞుల కోసం ఒక సంవత్సరపు కోర్సు ప్రారంభించింది. దానికి కనీసం నాలుగేళ్ల ఉద్యోగానుభవం కావాలి.

2001లో తరగతులు ప్రారంభించిన హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ దారి వేరు. అక్కడి ఒక సంవత్సరపు ప్రధాన కోర్సుకు జీమ్యాట్ లేదా జీఆర్ఈ స్కోరు, వ్యాసాలతో పాటు వృత్తిపరమైన సిఫారసు కూడా అడుగుతారు. విదేశీ సంస్థల్లో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ రెండేసి లేఖలు కోరతాయి. వాటిలో ఒకటి మీ ప్రస్తుత ప్రత్యక్ష పై అధికారి నుంచి రావాలని స్టాన్‌ఫర్డ్ కోరుతుంది. ఎం.ఐ.టి. స్లోన్ ఒక లేఖ అడిగి, అవసరమైతే సంప్రదించడానికి మరో ఇద్దరి వివరాలు ఇమ్మంటుంది. ఈ నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి. మీరు దరఖాస్తు చేసే సంవత్సరపు సూచనలను ఆ సంస్థ నుంచే చదువుకోవాలి.

జీమ్యాట్ గురించి కూడా ఒక మాట. 2023 చివరలో వచ్చిన కొత్త రూపంలో ఈ పరీక్షలో మూడు భాగాలు ఉన్నాయి. గణితం, భాష, దత్తాంశ విశ్లేషణ ఒక్కొక్కటి 45 నిమిషాలు. స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది, ఐదేళ్లు చెల్లుతుంది. కాబట్టి పరీక్ష ముందే రాసి పెట్టుకుని, లేఖల పని మీద నిదానంగా దృష్టి పెట్టవచ్చు.

3. లేఖ రాసేవారిని ఏమి అడుగుతారు?

చాలా విదేశీ సంస్థలు ఇప్పుడు జీమ్యాట్ నిర్వాహకులు రూపొందించిన ఉమ్మడి ప్రశ్నపత్రాన్నే వాడుతున్నాయి. అందులో ముఖ్యంగా మూడు ప్రశ్నలుంటాయి. మొదటిది: ఈ అభ్యర్థితో మీకు ఎలాంటి పరిచయం, మీ సంస్థలో ఆ వ్యక్తి పాత్ర ఏమిటి? రెండోది: ఇలాంటి పనే చేసే ఇతర సమర్థులతో పోలిస్తే ఈ అభ్యర్థి ఎక్కడ నిలుస్తాడు? మూడోది: మీరు అతనికి ఇచ్చిన ముఖ్యమైన సలహా లేదా చెప్పిన లోపం ఏమిటి, దానికి అతను ఎలా స్పందించాడు? వీటితో పాటు నాయకత్వ లక్షణాల మీద గుర్తులు పెట్టే పట్టిక ఒకటి ఉంటుంది.

మూడో ప్రశ్న చూసి మనవాళ్లు భయపడతారు. లోపం రాస్తే సీటు పోతుందేమో అనుకుంటారు. “ఏ లోపమూ లేదు” అని రాస్తే అసలు నష్టం జరుగుతుంది. రాసినవారికి మీ పని దగ్గరగా తెలియదని సంఘం గ్రహిస్తుంది. చెప్పిన మాట విని మారిన మనిషి తరగతి గదిలోనూ నేర్చుకుంటాడని వారి నమ్మకం.

ఈ మూడు ప్రశ్నలనూ మరొకసారి చదవండి. మిమ్మల్ని సభలో ఒకసారి చూసిన నాయకుడు వీటిలో ఒక్కదానికైనా జవాబు చెప్పగలడా? లేఖకుణ్ణి ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

4. ఒక ఉదాహరణ

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. వయసు 26. తండ్రి లింబాయత్‌లో మరమగ్గాల కార్మికుడు. ఆమె ఇంజనీరింగ్ చదివి, నాలుగేళ్లుగా ఒక డైయింగ్ మిల్లులో ఉత్పత్తి ప్రణాళిక విభాగంలో పనిచేస్తోంది. ఆ మిల్లులో కొన్ని లాట్లకు రంగు సరిపోక మళ్లీ అద్దవలసి వచ్చేది. అందరూ యంత్రాన్నో, రాత్రి షిఫ్టు కార్మికులనో తప్పుపట్టేవారు. ఆమె మూడు వారాల పాటు ప్రతి లాటు వివరాలూ నోటుపుస్తకంలో రాసింది. బయటి నుంచి ట్యాంకరు నీళ్లు తెప్పించిన రోజుల్లోనే తేడా ఎక్కువగా వస్తోందని తేలింది. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే అద్దకం మీద ప్రభావం పడుతుంది. నీటిని పరీక్షించాకే యంత్రంలోకి వదలాలన్న పద్ధతి ఆమె వల్ల వచ్చింది.

ఇప్పుడు ఆమెకు లేఖ రాయగలిగినవారు ఐదుగురు ఉన్నారనుకుందాం.

మొదటివారు మిల్లు యజమాని. పెద్ద పేరు. ఆమె పేరు తెలుసు కానీ, పని గురించి విన్నదే తప్ప చూసింది లేదు. రెండోవారు ఉత్పత్తి మేనేజరు. ఆమెకు నేరుగా పై అధికారి, ఆ నోటుపుస్తకాన్ని పేజీ పేజీ చూసినవారు. మూడోవారు తండ్రికి పరిచయమున్న మాజీ ప్రజాప్రతినిధి. నాలుగోవారు ఇంజనీరింగ్‌లో పాఠం చెప్పిన ఆచార్యుడు. ఐదోవారు రింగ్ రోడ్డు మార్కెట్టులో బట్టల వ్యాపారి. ఆ మిల్లుకు బట్ట అద్దకానికి ఇచ్చేవారు. రంగు తేడా వచ్చినప్పుడు ఆయనతో మాట్లాడి సర్దిచెప్పింది ఈ అమ్మాయే.

ఆమె ఎవరిని ఎంచుకోవాలి? ఉత్పత్తి మేనేజరు విషయంలో సందేహమే లేదు. రెండో లేఖకు బట్టల వ్యాపారి మంచి ఎంపిక. మేనేజరు ఆమెను మిల్లు లోపలి నుంచి చూశారు, వ్యాపారి బయటి నుంచి చూశారు. అప్పుడు రెండు లేఖలూ ఒకే విషయాన్ని తిరిగి చెప్పవు. అయితే రెండో లేఖ కూడా పై అధికారే రాయాలని సంస్థ కోరితే, ఇంతకుముందు ఆమె పనిని పర్యవేక్షించిన వేరొక అధికారిని వెతకాలి. ఆచార్యుడు మంచివారే అయినా, ఉద్యోగంలో ఆమె ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. ఇప్పుడే చదువు ముగించినవారికైతే ఆచార్యుని లేఖ ఉపయోగపడుతుంది. మాజీ ప్రజాప్రతినిధి లేఖ మాత్రం ఎవరికీ ఉపయోగపడదు.

ఇక యజమాని సంగతి. పెద్ద పేరు వదులుకోవడం ఇంట్లోవాళ్లకు కష్టంగా ఉంటుంది. కానీ “ఆమె కష్టపడి పనిచేస్తుంది, నిజాయతీ గల అమ్మాయి, ఉజ్జ్వల భవిష్యత్తు ఉంది” అన్న మూడు వాక్యాలు ఎవరి గురించైనా రాయవచ్చు. “మూడు వారాలు రాత్రి షిఫ్టులో కూడా వచ్చి లెక్కలు రాసుకుంది. మొదట్లో కార్మికులతో తొందరపడి మాట్లాడేది. ముందు వాళ్ల మాట విను అని నేను చెప్పాను. ట్యాంకరు నీళ్ల సంగతి ఆమెకు చెప్పింది చివరికి ఆ కార్మికులే” అన్న వాక్యాలు ఆమె ఒక్కదాని గురించే రాయగలం. ఇందులో పని ఉంది, లోపం ఉంది, మార్పు కూడా ఉంది. మేనేజరు పేరు ఊళ్లో ఎవరికీ తెలియకపోయినా ఈ లేఖకే విలువ.

5. సూరత్‌లో ఎదురయ్యే నాలుగు చిక్కులు

మొదటి చిక్కు: “చదువుకు వెళతానని తెలిస్తే ఉద్యోగం పోతుందేమో.” ఇది నిజమైన భయం. చిన్న యూనిట్లలో రాతపూర్వక నియామకాలు తక్కువ. నెల జీతం మీద ఇల్లు నడుస్తుంటే తొందరపడి చెప్పకూడదు. ప్రస్తుత అధికారిని అడగలేని స్థితి ఉంటే పాత అధికారిని, లేదా మీతో పనిచేసి వేరే కంపెనీకి వెళ్లిపోయిన సీనియరును అడగవచ్చు. ప్రస్తుత అధికారిని ఎందుకు అడగలేదో దరఖాస్తులో అదనపు సమాచారం రాసే చోట రెండు వాక్యాల్లో చెప్పండి. ఇటువంటి పరిస్థితి ఎంపిక సంఘాలకు కొత్త కాదు.

రెండో చిక్కు: లేఖ రాయవలసిన వ్యక్తికి ఇంగ్లీషు రాదు. గుజరాతీలో, హిందీలో అద్భుతంగా మాట్లాడతారు. అప్పుడు చాలామంది చేసే పని, లేఖను తామే రాసి సంతకం పెట్టించుకోవడం. దయచేసి ఆ పని చేయవద్దు. అది నియమోల్లంఘన, అబద్ధం కూడా. పైగా మీ వ్యాసాల్లోని పదాలు, వాక్యాల తీరు లేఖలోనూ కనిపిస్తే చదివేవారికి అనుమానం వస్తుంది. కొన్ని సంస్థలు లేఖకులకు ఫోను చేసి కూడా నిర్ధారించుకుంటాయి. సీటు వచ్చాక తేలినా దానిని రద్దు చేస్తారు. సరైన దారి ఏమిటంటే, ఆయన తన భాషలో చెబితే, మీకు సంబంధం లేని మరొకరు ఇంగ్లీషులోకి మార్చడం. ఆయన కంపెనీ అకౌంటెంటు కావచ్చు, ఆయన సొంత పిల్లలు కావచ్చు. అనువాదం విషయంలో ఆ సంస్థ నిబంధన ఏమిటో ముందే కనుక్కోండి. అనువాదకుడు మాత్రం మీరు కాకూడదు.

మూడో చిక్కు: కంపెనీ ఈమెయిలు లేకపోవడం. సంస్థలు సాధారణంగా లేఖకుని ఆఫీసు చిరునామా నుంచే లేఖ రావాలని ఇష్టపడతాయి. చిన్న మిల్లుల్లో యజమాని సొంత ఈమెయిలే ఆఫీసు ఈమెయిలు. అలా ఉంటే సంస్థ పేరు, ఆఫీసు ఫోను నంబరు, హోదా స్పష్టంగా ఇచ్చి, కారణం రాయండి.

నాలుగో చిక్కు: సొంత వ్యాపారం. తండ్రి మగ్గాలను కొడుకే చూసుకుంటున్నాడనుకోండి. పై అధికారి తండ్రే. తండ్రి, మామ, అన్న ఎవరు రాసినా ఆ లేఖ చెల్లదు. అటువంటప్పుడు మీతో లావాదేవీలు నడిపిన బయటివారిని చూడాలి. నూలు ఇచ్చే డీలరు, జాబ్ వర్క్ ఇచ్చే వ్యాపారి, లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంటు ఇందుకు తగినవారు. ఉదాహరణకు, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లింపులు గరిష్ఠంగా 45 రోజుల్లో జరగాలన్న గడువుకు ఆదాయపు పన్ను మినహాయింపును ముడిపెడుతూ 2023 ఆర్థిక చట్టం ఒక నిబంధన తెచ్చింది. సూరత్ బట్టల వ్యాపారంలో అది పెద్ద చర్చ అయింది. ఆ సమయంలో మీరు బాకీదారులతో కూర్చుని కొత్త గడువులు కుదుర్చుకుని ఉంటే, ఆ కాగితాలన్నీ చూసిన అకౌంటెంటు కంటే మంచి సాక్షి ఎవరుంటారు?

6. ఎలా అడగాలి?

సూరత్‌లో పై అధికారిని పేరు చివర “భాయ్” చేర్చి పిలుస్తారు. ఆ చనువు ఉంది కదా అని నడుస్తూ నడుస్తూ అడగవద్దు. పని వేడి తగ్గాక పది నిమిషాలు సమయం కోరి కూర్చుని అడగండి. “లేఖ రాస్తారా?” అని అడిగితే మొహమాటానికి సరే అంటారు. “నా పని మీరు దగ్గరగా చూశారు. నా గురించి వివరంగా, మంచిగా రాయగలనని మీకు అనిపిస్తోందా? అనిపించకపోతే చెప్పండి, నేను ఏమీ అనుకోను” అని అడగండి. ఎదుటివారికి కాదనే దారి కూడా తెరిచి ఉంచాలి. అయిష్టంగా రాసిన లేఖ అసలు లేని లేఖ కంటే ప్రమాదకరం.

ఆయన ఒప్పుకున్నాక నాలుగు కాగితాలు ఇవ్వండి. మీ బయోడేటా, ఏ సంస్థకు ఎందుకు వెళుతున్నారో ఒక పేజీ, ఆయన దగ్గర మీరు చేసిన పనుల జాబితా తేదీలతో సహా, లేఖలు చేరవలసిన గడువుల పట్టిక. పనుల జాబితా ఇవ్వడం గుర్తుచేయడమే అవుతుంది. వాక్యాలు అందించడం మాత్రం రాసిపెట్టడం అవుతుంది. ఈ గీత దాటకండి.

అమెరికా విద్యాసంస్థల ఫారాల్లో “ఈ లేఖను చూసే హక్కును వదులుకుంటున్నారా?” అనే ప్రశ్న ఉంటుంది. అక్కడి 1974 నాటి చట్టం ప్రకారం, చేరిన విద్యార్థికి తన ఫైలు చూసే హక్కు ఉంది. ఆ హక్కును వదులుకోవడమే ఆనవాయితీ. అభ్యర్థి చూడడని తెలిసినప్పుడే సాక్షి స్వేచ్ఛగా మాట్లాడతాడు, చదివేవారూ నమ్ముతారు.

7. క్యాలెండరు

అమెరికా సంస్థల మొదటి విడత గడువులు ఎక్కువగా సెప్టెంబరులో, రెండో విడత జనవరి మొదట్లో ఉంటాయి. సూరత్ క్యాలెండరును వీటి పక్కన పెట్టి చూడండి. దీపావళికి ముందు మార్కెట్టులో ఊపిరి సలపనంత పని. దీపావళి తరువాత మార్కెట్లు, మిల్లులు మూతపడి లాభపంచమి నుంచి మెల్లగా తెరుచుకుంటాయి. ఆ రోజుల్లో మేనేజర్లు ఊళ్లకు వెళ్లిపోతారు. జనవరి గడువుకు నవంబరులో అడగడం మొదలుపెడితే ఇబ్బంది తప్పదు. కాబట్టి జనవరి గడువుకైనా ఆగస్టులోనే అడగండి. గడువుకు మూడు వారాల ముందు ఒకసారి, వారం ముందు మరొకసారి మర్యాదగా గుర్తుచేయండి. లేఖ పంపాక స్వయంగా వెళ్లి కృతజ్ఞత చెప్పండి. ఫలితం ఏదైనా ముందుగా వారికే తెలియజేయండి.

8. చివరిగా

ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదనుకునేవారికి ఒక మాట. ఎం.బి.ఎ.కు ఒకటే దారి లేదు. హైదరాబాద్‌లో పుట్టి మైక్రోసాఫ్ట్ సంస్థకు అధిపతి అయిన సత్య నాదెళ్ల, అదే సంస్థలో ఉద్యోగం చేస్తూనే షికాగో విశ్వవిద్యాలయం నుంచి 1997లో ఎం.బి.ఎ. పట్టా పొందారు. ఉద్యోగంతో పాటు చదివే కోర్సులు మన దేశంలోనూ ఉన్నాయి. అటువంటి కోర్సుకు వెళ్లినా, మీ పని తెలిసిన పై అధికారి మద్దతు మీకు అవసరమే.

సారాంశం ఇది. ఎంపిక సంఘం గొప్పవారి పేర్ల కోసం చూడదు, మీ పనికి సాక్షి కోసం చూస్తుంది. పెద్దవాళ్లు తెలియకపోవడం లోటు కాదు. మీ పనిని దగ్గరగా చూసిన మనిషి ఒక్కరూ లేకపోతే మాత్రం అది లోటే. ఆ లోటు ఈ రోజు నుంచి పూరించుకోవచ్చు. చేసే పనిని తేదీతో రాసి పెట్టుకోండి. నెలకొకసారి పై అధికారిని “నేను ఎక్కడ మెరుగుపడాలి?” అని అడగండి. రెండేళ్ల తరువాత ఆయన రాసే లేఖకు కావలసిన విషయమంతా అక్కడే తయారవుతుంది.

మీరే చేసి చూడండి:

1. మీ పనిని దగ్గరగా చూసిన ఐదుగురి పేర్లు రాయండి. ప్రతి పేరు ఎదుట వారు కళ్లారా చూసిన ఒక సంఘటన రాయండి. సంఘటన గుర్తురాని పేరును కొట్టివేయండి.

2. మిగిలిన పేర్లలో, మీ లోపాన్ని మీకు ముఖం మీద చెప్పినవారు ఎవరు? ఆ తరువాత మీలో వచ్చిన మార్పును మూడు వాక్యాల్లో రాయండి.

3. మీరు వెళ్లదలచిన సంస్థ గడువు నుంచి వెనక్కి లెక్కించి, లేఖ అడగవలసిన తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి.